ఏడో పేజీలో టిక్కు

వీధిలో అందరూ ఆమెను అద్దాలక్క అనేవాళ్ళు. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో కూర్చుని, గుండ్రటి అద్దాలను ఫ్రేముకు సరిపడేలా అరగదీయడం ఆమె పని. పద్దెనిమిదేళ్ళుగా అదే బల్ల, అదే రాపిడి చక్రం, దాని మీద సన్నధారగా పడే చన్నీళ్ళు. అద్దం నడిమధ్య సరిగ్గా కంటిపాపకు ఎదురుగా రావాలి. రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్ళకు తల తిరుగుతుంది. అందుకని ఆమె ప్రతి జతనూ మూడుసార్లు కొలిచేది. "నన్ను చేసుకునే ముందు కూడా స్కేలు పెట్టి కొలిచే ఉంటావు, నువ్వు తక్కువదానివా!" అని భర్త ఏడిపించేవాడు.

ఆయన లిఫ్టు మెకానిక్కు. పదేసి అంతస్తుల భవనాల్లో లిఫ్టు పెట్టె నెత్తికెక్కి, చీకటి బావిలాంటి గొట్టంలో తీగలు పరీక్షించి దిగేవాడు. చేతికి గ్రీజు, నోటికి జోకు ఎప్పుడూ అంటుకునే ఉండేవి. ఆయన తల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. మొగుడు పోయేనాటికి ఆవిడ నాలుగో నెల గర్భిణి. పుట్టిన కొడుకును ఒంటిచేత్తో పెంచింది. ముగ్గురూ మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళు. "ఊరందరి లిఫ్టులూ బాగుచేసేవాడి కొంపకి మెట్లే గతి" అని అత్తగారు మోకాళ్ళు పట్టుకుని ఎక్కేది.

పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా కడుపు పండకపోతే, సంతాన సాఫల్య కేంద్రం గడప తొక్కారు. ఇంజెక్షన్లతో పొట్ట మీద చోటు మిగల్లేదు. పదకొండు అండాలు తీశారు. ఏడు ఫలించాయి. ఐదో రోజుకు నాలుగు నిలిచాయి. ఒకదాన్ని ఆమె కడుపులో పెట్టారు. తొమ్మిది వారాలుండి అది జారిపోయింది. మిగిలిన మూడింటినీ గడ్డకట్టించి, పాల క్యానుకు పెద్దన్నలాంటి స్టీలు పీపాలో, పొగలు కక్కే ద్రవ నత్రజనిలో దాచారు.

డాక్టర్లు వాటిని పిండాలు అనేవాళ్ళు. అత్తగారికి ఆ మాట గిట్టేది కాదు. "పుట్టబోయేవాళ్ళకీ పోయినవాళ్ళకీ ఒకటే మాటా? ఇంకో మాటే దొరకలేదా వీళ్ళకి!" అనేది. దాంతో కొడుకు వాటికి చలిముఠా అని పేరు పెట్టాడు. ఉదయం డ్యూటీకి వెళ్తూ, "చలిముఠా ఎలా ఉందో కనుక్కో, స్వెట్టర్లు కావాలేమో" అనేవాడు. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత ఎవరైనా ఎత్తితే, "ఆలి ఉంది. చూలు చలిలో ఉంది. నాకేం తక్కువ?" అని నవ్వేవాడు.

రెండోసారి ప్రయత్నానికి తేదీ కూడా ఖాయమైంది. దానికి పదహారు రోజుల ముందు, ఒక భవనం తొమ్మిదో అంతస్తులో లిఫ్టు తలుపు బిగిస్తూ బిగిస్తూ ఆయన పక్కకు ఒరిగిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆస్పత్రికి చేరేలోపే అంతా అయిపోయింది. నలభై ఒక్క ఏళ్ళు.

మొదటి రెండు నెలలు ఆమె ఎలా బతికిందో ఆమెకే తెలియదు. అన్నం ముందు కూర్చుంటే అన్నం చల్లారేది. దుకాణంలో ఒక ముసలాయన కళ్ళజోడుకు కుడి అద్దం ఎడమవైపు బిగించింది. ఆమె చేతిలో అలాంటి తప్పు జరగడం అదే మొదలు. ఆ రోజే అనుకుంది, నేనిలా మిగిలితే మట్టిలో కలిసిపోతాను, ఆయనవి ఇంకా మూడున్నాయి కదా, వాటి దగ్గరికి వెళ్తాను అని. మర్నాడు ఉతికిన బట్టలు కట్టుకుని కేంద్రానికి వెళ్ళింది.

కౌన్సెలర్ ఫైలు తెరిచి, పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగింది.

"మీరిద్దరూ విడివిడిగా పత్రాలు నింపారు గుర్తుందా అమ్మా? ఒకరిది ఒకరు చూడక్కర్లేదని చెప్పాం. ఒత్తిడి ఉండకూడదని."

"గుర్తుంది."

"ఏడో పేజీలో ఒక ప్రశ్న ఉంది. దంపతుల్లో ఒకరు చనిపోతే వీటిని ఏం చెయ్యాలి అని. మూడు గళ్ళు. బతికున్నవారికి ఇవ్వాలి, పరిశోధనకి ఇవ్వాలి, నిర్వీర్యం చెయ్యాలి. మీరు మొదటి గడిలో టిక్కు పెట్టారు."

"అవును."

"ఆయన మూడో దాంట్లో పెట్టారు."

ఆమెకు ఆ మాట వెంటనే ఎక్కలేదు. కాగితం తన వైపు తిప్పుకుని చూసింది. మూడో గడి. నీలం సిరా. కింద ఆయన సంతకం, చివరి అక్షరం కింద ఆయన ఎప్పుడూ గీసే అడ్డగీతతో సహా.

"ఇది పొరపాటండీ" అంది. "ఆ రోజు ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని ఫోన్ మీద ఫోన్. నిలబడే సంతకాలు పెట్టాడు. చూసుకోలేదు. మీరే ఆలోచించండి, పేరు పెట్టి పిలిచేవాడు వాటిని. అలాంటివాడు పారెయ్యమంటాడా?"

కౌన్సెలర్ చెడ్డమనిషి కాదు. ఆమె చేతి మీద చెయ్యి వేసింది. కానీ చెప్పింది మాత్రం ఒక్కటే: ఇద్దరి ఒప్పుకోలూ లేనిదే తాకడానికి వీల్లేదు. కోర్టు చెప్తే తప్ప.

ప్లీడరమ్మ ఆఫీసు ఒక ఇరుకు మెట్లదారి పైన, జెరాక్స్ దుకాణం నెత్తిన ఉండేది. ఆవిడ అంతా విని పెన్ను కింద పెట్టింది.

"సూటిగా చెప్తాను. మీ ఆయన పోయేనాటికి అది మీ కడుపులో ఉండి ఉంటే ఏ గొడవా లేదు. పుట్టకముందే వారసుడు. తండ్రి ఆస్తిలో వాటా కూడా. మీ ఆయన అలా పుట్టినవాడే కదా. కానీ పీపాలో ఉన్నదానికి చట్టంలో స్థానం లేదు. మనిషని రాయలేదు, వస్తువనీ రాయలేదు."

"మరి ఏమని రాశారు?"

"ఏమనీ రాయలేదు. అందుకే కేసు వేస్తే వెయ్యొచ్చు. రెండు దారుల్లోనూ పోదాం. ఆస్తి అనుకుంటే భార్యగా మీకు రావాలి, బిడ్డ అనుకుంటే తల్లిగా మీకు రావాలి. కానీ ఆ టిక్కుంది చూశారూ, అదే మన గొంతులో ముల్లు. పొరపాటున పెట్టాడని, బతికుండగా వేరేగా అన్నాడని ఎవరైనా సాక్ష్యం చెప్పాలి. మీ అత్తగారు చెప్తే బలం."

అత్తగారు చెప్పనంది. కారణం చెప్పలేదు. టీ గ్లాసు పట్టుకుని కిటికీ వైపు చూస్తూ, "నన్ను కోర్టుకి లాగకమ్మాయ్" అంది, అంతే. అడిగిన ప్రతిసారీ అదే మాట.

ఇక అద్దాలక్క పట్టని కొమ్మ లేదు. మధ్యాహ్నం భోజనాల వేళ దుకాణం నుంచి నడుచుకుంటూ వెళ్ళి, కేంద్రానికి ఎదురుగా బస్సుల షెల్టర్‌లో నిలబడి రెండో అంతస్తు కిటికీ చూసేది. కరెంటు పోయిందంటే ల్యాబ్‌కు ఫోన్ చేసేది. "పీపాకి కరెంటుతో పనిలేదక్కా, నత్రజని నింపుతుంటే చాలు" అని ల్యాబ్ ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. మళ్ళీ కరెంటు పోతే మళ్ళీ చేసేది. ఒకరోజు ఆయన బయటికి వస్తుంటే గేటు దగ్గర దారికి అడ్డం నిలబడింది.

"ఒక్కటి. మూడూ వద్దు, ఒక్కటివ్వు తమ్ముడూ. ఏదో ఒక డాక్టర్ని పట్టుకుంటాను. నీ పేరు చచ్చినా చెప్పను."

"అక్కా, ఇది జేబులో వేసుకుపోయేది కాదు. బయటికి తీస్తే నిమిషాల్లో పోతుంది" అన్నాడు ఆయన, ముఖం పక్కకు తిప్పుకుని. ఆమె రోడ్డు మీదే ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. వాచ్‌మన్ వచ్చి విడిపించాల్సి వచ్చింది. తిరిగి దుకాణానికి వచ్చి, ముఖం కడుక్కుని, చక్రం ముందు కూర్చుంది. ఆ పూట నాలుగు జతలు ఇవ్వాలి.

పొరపాటని రుజువు చేయడానికి ఆమెకు ఒక ఉపాయం తట్టింది. మంచం కింద అట్టపెట్టె నిండా భర్త పాత తనిఖీ కార్డులున్నాయి. లిఫ్టు చూసిన ప్రతిసారీ బ్రేకు, తలుపు, తీగ, అలారం అంటూ వరసగా టిక్కులు పెట్టేవాడు. ఒక ఆదివారం వాటిని నేల మీద పరిచి, దుకాణం నుంచి తెచ్చిన భూతద్దం కంటికి పెట్టుకుని ఏడో పేజీ నకలుతో పోల్చడం మొదలుపెట్టింది. తొందరలో పెట్టిన టిక్కులు పొట్టిగా, తోక తెగినట్టు ఉన్నాయి. తీగలు, బ్రేకుల దగ్గర, ప్రాణాలతో పని అయిన చోట, టిక్కు మొదట్లో సిరా చుక్కగా ముద్దకట్టి ఉంది. పెన్ను ఆనించి, ఒక క్షణం ఆగి, అప్పుడు పైకి లాగేవాడన్నమాట.

ఏడో పేజీ టిక్కు మొదట్లో చుక్క ఉంది. అన్నింటికన్నా పెద్ద చుక్క.

ఆమె కార్డులన్నీ పెట్టెలో సర్దేసి, పెట్టెను గోడ వరకూ నెట్టేసింది. ప్లీడరమ్మకు చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు. జెరాక్స్‌లో మచ్చ పడి ఉంటుందిలే అనుకుంది.

విచారణకు వారం ఉందనగా అత్తాకోడళ్ళిద్దరికీ మాటా మాటా పెరిగింది. అన్నం గిన్నె దించుతూ అద్దాలక్కే ఎత్తుకుంది.

"మీకు మీ వంశం అక్కర్లేదు సరే. నా బతుకు కూడా అక్కర్లేదా? నాకు ముప్పై తొమ్మిది. ఇంకెవర్నో కట్టుకుని కంటానా? నోరు తెరిచి ఒక్క ముక్క చెప్తే పోయేదానికి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారే! మీ కొడుకు పోయింది నా వల్లేనని లోపల ఉందా?"

"అమ్మాయ్, నోరు జారకు."

"జారుతుంది. ఇంకా జారుతుంది. మీకేం, నాలుగు నెలల కడుపుతో మొగుడు పోయినా కొడుకు మిగిలాడు మీకు! నాకేం మిగిలింది?"

అత్తగారు లేచి, స్టౌ ఆపి, కుర్చీ లాక్కుని కోడలి ఎదురుగా కూర్చుంది. ముప్పై ఏళ్ళు హెడ్‌ఫోన్ పెట్టుకుని పరాయివాళ్ళ మాటలు విన్న మనిషి. వైరు మీద విన్నది వైరు మీదే వదిలెయ్యాలి అనేది ఆవిడ ఉద్యోగ ధర్మం.

"ఆ కాగితాల మీద సంతకాలు పెట్టిన సాయంత్రం వాడు నా దగ్గరికొచ్చాడు" అంది. "నువ్వు మందుల షాపుకెళ్ళావు. అమ్మా, నేనొక పని చేశాను, దానికి చెప్పలేదు అన్నాడు. ఏంట్రా అంటే చెప్పాడు. ఎందుకురా అలా అన్నాను. చిన్నప్పుడు బడి వదిలే టైముకి అందరి నాన్నలూ వస్తుంటే, రాడని తెలిసి కూడా గేటు వైపే చూసేవాణ్ణి, ఇంకొకణ్ణి తెలిసి తెలిసి ఆ గేటు దగ్గర నిలబెట్టలేనమ్మా అన్నాడు."

అద్దాలక్క చేతిలో గిన్నె అలాగే ఉంది.

"నేనేం అన్లేదు. ఏమంటాను? నేను పెంచిన పెంపకం అది. ఏ లోటూ చెయ్యలేదనే అనుకున్నాను ఇన్నాళ్ళూ." ఆవిడ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "నీకు చెప్తాననే అన్నాడు. కడుపు నిలిచాక చెప్తాను, అప్పుడైతే నవ్వేస్తుంది అన్నాడు. ఇంతలో..."

"మీకు తెలుసు. ఇన్నాళ్ళూ తెలుసు."

"తెలుసు."

"కోర్టులో ఇది చెప్పకండి."

"చెప్పను. కానీ అబద్ధం కూడా చెప్పలేను. నా బిడ్డ మాట అది. వాడు లేడని మార్చలేను."

ఆ పూట ఎవరూ తినలేదు.

కోర్టు గది చిన్నది. పైన ఫ్యాను తిరిగినప్పుడల్లా జడ్జి గారి బల్ల మీది కాగితాలు లేవబోయి, గాజు పేపర్‌వెయిట్ కింద అణిగిపోతున్నాయి. కేంద్రం తరఫు లాయరు, మాకు ఏ పేచీ లేదు, పత్రం ప్రకారం నడుచుకుంటాం అన్నాడు. ప్లీడరమ్మ గంటసేపు వాదించింది. చివర్లో జడ్జి గారు అద్దాలక్కనే బోనులోకి పిలిచింది. జడ్జి గారికి కూడా నడివయసే. ముక్కు మీద కళ్ళజోడు కొద్దిగా ఎడమకు వాలి ఉంది. అంత గుబులులోనూ అద్దాలక్క కళ్ళు ఆ వాలును పట్టేశాయి.

"మిమ్మల్ని ఒక్కటే అడుగుతానమ్మా. ఆ గడిలో టిక్కు పెట్టేటప్పుడు మీ భర్త మనసులో ఏముందో మీకు తెలుసా?"

వెనక బెంచీ మీద అత్తగారు కూర్చుని ఉంది. సాక్ష్యానికి రానన్న మనిషి, తోడుకు మాత్రం వచ్చింది. అద్దాలక్క అటు చూడలేదు. చూస్తే నోరు పెగలదని తెలుసు.

"తెలుసండీ" అంది. "తొందర. అంతే. చూడకుండా పెట్టాడు. పిల్లలంటే ప్రాణం ఆయనకి. నేను లేకపోయినా నువ్వు కను అని నాతో చాలాసార్లు అన్నాడు."

"ఎప్పుడన్నారు?"

"చాలాసార్లండీ. ఫలానా రోజని లేదు."

వెనక నుంచి చప్పుడేమీ రాలేదు. అత్తగారు లేచి నిలబడలేదు, అబద్ధం అనలేదు. ఆ నిశ్శబ్దమే అద్దాలక్క వీపు మీద నిప్పులా కాలింది.

మూడు వారాల తర్వాత తీర్పు చదివారు. చదివాక జడ్జి గారు కాగితం పక్కన పెట్టి మామూలు మాటల్లో చెప్పింది. "ఇవి వస్తువులైతే వారసురాలిగా మీకే ఇప్పించేదాన్ని. బిడ్డలైతే తల్లిగా మీకే ఇప్పించేదాన్ని. చట్టం రెండూ కాదంటోంది. ఇద్దరి ఇష్టం మీద పుట్టినవి, ఇద్దరి ఇష్టం ఉంటేనే ముందుకు పోతాయి. మీ మాట నేను నమ్మలేదని కాదు. నమ్మినా, నోటిమాట కన్నా సంతకం పెద్దది. మీ భర్త రాసిందే చెల్లుతుంది."

ఆడిన అబద్ధం కూడా అక్కరకు రాలేదన్నమాట. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఎలా ఉంటుందో ఆమెకు మెట్లు దిగుతుంటే అర్థమైంది. పై కోర్టుకు వెళ్ళారు. కేసు విచారణకు తీసుకోవడం లేదని అక్కడి నుంచి ఒకే ఒక్క పేరా వచ్చింది.

కేంద్రం వాళ్ళు తేదీ చెప్పారు. రానక్కర్లేదన్నారు. ఆమె వెళ్ళింది. అత్తగారు కూడా చెప్పులేసుకుంది. తలకు టోపీ, కాళ్ళకు గుడ్డ తొడుగులు ఇచ్చి, ఇద్దర్నీ అద్దపు తలుపు వరకూ రానిచ్చారు. ల్యాబ్ ఆయన పీపా మూత తీశాడు. తెల్లటి పొగ అంచు దాటి నేల మీదికి జారింది. పొడుగాటి పటకారుతో మూడు సన్నటి గొట్టాలు తీశాడు, అగ్గిపుల్లకన్నా కొంచెం పొడుగు. స్టీలు పళ్ళెంలో పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గొట్టాల మీద మంచు కరిగి నీటిబొట్లు పట్టాయి. ఆ మూడింటి మీదా ఆమె పేరూ భర్త పేరూ పక్కపక్కనే ఉన్నాయి. అంత చిన్న అక్షరాలు మామూలు కంటికి కనపడవు. ఆమెకు కనపడ్డాయి.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయిందక్కా."

"రిజిస్టర్‌లో ఏమని రాస్తావు?"

ఆయన తటపటాయించాడు. "నమూనాలు, మూడు... అని."

ఆమె తలుపుకు నుదురు ఆనించింది. ఏడుస్తుందనుకుని అత్తగారు భుజం పట్టుకుంది. ఏడవలేదు. అలా ఎంతసేపు ఉందో, ఎవరూ లెమ్మనలేదు, పొమ్మనలేదు. చివరికి అత్తగారే టోపీ విప్పించి, బస్సెక్కించి, ఇంటికి తీసుకొచ్చింది. దారిలో ఆవిడ ఒక్కటే అంది: "బోనులో నువ్వన్న మాట గురించి నేనెప్పుడూ అడగను."

"అడగండి అత్తయ్యా. తిట్టండి. అప్పుడైనా తేలిక పడతాను."

"అడగను. నీ స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని."

ఆ తర్వాత ఏడాది పాటు అద్దాలక్క భర్త ఫొటో వైపు చూడలేదు. ఆయన పోయినందుకు ఏడ్చిన మనిషి, ఆయన తన దగ్గర మాట దాచినందుకు ఏడవలేకపోయింది. పనికి వెళ్ళేది, వచ్చేది. అద్దాలు సరిగ్గానే అరగదీసేది. పిల్లల జోళ్ళు వస్తే పక్కబల్ల ఆవిడకు జరిపేసేది. అత్తగారి మోకాళ్ళు మరీ మొరాయించాయి. కూరలూ మందులూ ఈమే మోసుకొచ్చేది. ఇద్దరికీ ఒకరికొకరు తప్ప మరెవరూ లేరు. అది ప్రేమో, గతిలేకో, ఇద్దరూ తరచి చూసుకోలేదు.

ఒక ఉదయం, పనికి బయల్దేరుతూ బయల్దేరుతూ ఆమె ఫొటో ముందు ఆగింది. ఆగి, మొదలుపెట్టింది. "నాకు చెప్తే ఏం పోయేదిరా నీకు? నేనేమన్నా రాక్షసినా? గేటు దగ్గర నేను నిలబడేదాన్ని కదా! రోజూ నిలబడేదాన్ని కదా! నన్నొక్క మాట అడగొద్దా?" గొంతు అదుపు తప్పింది. పెళ్ళయినప్పటి నుంచి ఒక్కసారి కూడా "రా" అనని మనిషిని అలా అంటోందని ఆమెకు స్పృహ లేదు.

లోపలి గదిలో మంచం మీద నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఇంకొంచెం గట్టిగా తిట్టు. వాడికి ఎడమ చెవి సరిగ్గా వినపడేది కాదు."

అద్దాలక్క గట్టిగానే తిట్టింది. పనికి ఆలస్యమయ్యేదాకా తిట్టింది.